యాంటీబయాటిక్ ఆపి మూడు వారాలైనా కడుపు సర్దుకోలేదు. చచ్చింది బ్యాక్టీరియా కదా, నా పేగుకేమైంది?

వానచినుకు
అందరికీ నమస్కారం. పంటి ఇన్‌ఫెక్షన్‌కి వారం రోజులు యాంటీబయాటిక్ వాడాను. పన్ను బాగుపడింది. కడుపు మాత్రం అప్పటినుంచి నా మాట వినడం లేదు. మందు ఆపి మూడు వారాలైంది. రోజుకు ఐదారుసార్లు నీళ్ళ విరేచనాలు, బొడ్డు కింద మెలిపెట్టినట్టు నొప్పి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నా పని.

అడిగినవాళ్ళంతా ఒకటే మాట: "మంచి బ్యాక్టీరియా పోయాయి, మళ్ళీ పెరుగుతాయిలే." సరే, పోయాయి. కానీ పోయినవి అద్దెకున్నవి. పేగు గోడ నాది, కణాలు నావి, వాటినేమీ మందు చంపలేదు. అలాంటప్పుడు నీళ్ళెందుకు ఆగడం లేదు? బ్యాక్టీరియా లేకపోతే నా కణానికి వచ్చే నష్టమేంటో ఎవరైనా కాస్త విడమరిచి చెప్తారా?

ఆరోగ్యమస్తు
టెన్షన్ పడకండి. మన ఒంట్లో మన కణాలకంటే బ్యాక్టీరియా పదింతలు ఎక్కువ. వాటిని చంపితే ఇలాగే ఉంటుంది. ప్రోబయాటిక్ క్యాప్సూల్ రెండు పూటలా వేసుకోండి. బ్యూటిరేట్ మాత్రలు కూడా దొరుకుతున్నాయి. అప్పటిదాకా విరేచనాలు ఆగడానికి లోపెరమైడ్. మూడు రోజుల్లో సెట్ అయిపోతుంది. మా ఇంట్లో అందరం ఇదే పద్ధతి.

తెల్లకోటు
లోపెరమైడ్ దగ్గరే ఆగండి. యాంటీబయాటిక్ తర్వాత నీళ్ళ విరేచనాలు, నొప్పి మూడు వారాలుగా ఉంటే ముందు క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా ఉందేమో చూడాలి. మేం సీ డిఫ్ అంటాం. అది లేదని తేలకుండా పేగు కదలికను బిగబట్టే మందు వేసుకోవద్దు.

వానచినుకు గారూ, ఏ యాంటీబయాటిక్? జ్వరం ఉందా? రక్తం పడుతోందా? మూత్రం తగ్గిందా? వీటిలో ఏదున్నా ఈ చర్చాదారం మూసేసి ఆస్పత్రికి వెళ్ళండి. ఏదీ లేకపోయినా రేపే ఒక డాక్టర్‌ని కలిసి మలపరీక్ష అడగండి. పలుచగా ఉన్నప్పుడే శాంపిల్ ఇవ్వాలి, గట్టిపడింది ఇస్తే చాలా ల్యాబులు తీసుకోవు. నేనిక్కడ డయాగ్నోసిస్ చెయ్యడం లేదు, క్యూలో ఏది ముందో చెప్తున్నానంతే.

లెక్కలమనిషి
ఆరోగ్యమస్తు గారూ, ఆ పదింతల లెక్క పాతది. 2016లో ముగ్గురు పరిశోధకులు మళ్ళీ లెక్కేశారు. సగటు మనిషిలో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా, 30 లక్షల కోట్ల సొంత కణాలు. అంటే దాదాపు ఒకటికి ఒకటి. మొత్తం బ్యాక్టీరియా బరువు 200 గ్రాముల దగ్గర. కిలోలు కిలోలు మోస్తున్నామని రాసేవాళ్ళు కూడా కాస్త దించుకోవచ్చు.

వానచినుకు
క్లిండమైసిన్. జ్వరం లేదు, రక్తం లేదు. రేపు పొద్దున్నే వెళ్తాను, అపాయింట్‌మెంట్ దొరికింది. ఈ రాత్రి ఎలాగూ నిద్ర ఉండదు కాబట్టి నా ప్రశ్నకు ఎవరైనా జవాబు రాస్తే చదువుకుంటాను.

గాజుగొట్టం
నేను రాస్తాను, కాస్త పొడుగవుతుంది. మా ల్యాబులో గాలి తగిలితే చచ్చే పేగు బ్యాక్టీరియాని పెంచడమే నా పని.

పేగు కణాన్ని అందరూ గోడలో ఇటుకలా ఊహించుకుంటారు. దాన్ని పొయ్యి అనుకుని చూడండి. పొయ్యికి కట్టెలు కావాలి. మండేటప్పుడు అది గదిలో గాలిని లాగేసుకుంటుంది. మీ ప్రశ్నకు జవాబు ఈ రెండింట్లోనే ఉంది.

కట్టెల సంగతి. పెద్దపేగు లోపలి పొరలో కణాలు తమ శక్తిలో సుమారు 60–70 శాతం బ్యూటిరేట్ నుంచే తెచ్చుకుంటాయి. అది నాలుగు కార్బన్ల చిన్న కొవ్వు ఆమ్లం. మనకు అరగని పీచును బ్యాక్టీరియా పులియబెడితే పుడుతుంది. (అసిటేట్, ప్రొపియోనేట్ కూడా పుడతాయి, వాటిని ఎక్కువగా కాలేయం, మిగతా ఒళ్ళు వాడుకుంటాయి.) మిగతా అవయవాలకు రక్తం తిండి మోసుకొస్తుంటే, ఈ ఒక్క పొర మాత్రం పెరట్లో పండిన దాని మీద బతుకుతోందన్నమాట. ఆ పెరడే మీరు అద్దెకున్నవి అంటున్న బ్యాక్టీరియా.

2011లో ఒక ప్రయోగం వచ్చింది. పుట్టినప్పటినుంచి ఒక్క సూక్ష్మజీవి కూడా లేకుండా పెంచిన ఎలుకల పెద్దపేగు కణాలు చూస్తే, శక్తి చాలక తమ భాగాలను తామే కోసుకు తింటున్నాయి. ఆటోఫజీ అంటారు. ఆ కణాలకు బ్యూటిరేట్ అందించగానే మైటోకాండ్రియా (కణంలో శక్తి తయారయ్యే చోటు) మళ్ళీ శ్వాస అందుకుంది, స్వభక్షణ ఆగింది. ఆ ఎలుకల గుండెలోనో మూత్రపిండంలోనో ఈ ఆకలి కనబడలేదు.

మీ నీళ్ళ విరేచనాలకు ఒక కారణం ఇక్కడే ఉంది. పెద్దపేగు ముఖ్యమైన పని ఉప్పూ నీళ్ళూ వెనక్కి లాక్కోవడం. దానికి శక్తి కావాలి. పైగా బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు లోపలికి వచ్చేటప్పుడు సోడియంని, దాని వెనక నీళ్ళనీ వెంటబెట్టుకొస్తాయి. ఆమ్లాలే తయారుకాకపోతే ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయో మీకు చెప్పక్కర్లేదు.

గాలి సంగతి రేపు. చాంబర్‌లో పని మిగిలింది.

ఆరోగ్యమస్తు
అదే కదా నేనూ అన్నది! బ్యూటిరేట్ మాత్ర వేసుకుంటే సరి. ఇంత పెద్ద వ్యాసం రాసి చివరికి నా మాటే చెప్పారు.

సగంపేగు
గాజుగొట్టం గారు ఎలుకల్లో చెప్పింది నా ఒంట్లో జరిగింది కాబట్టి రాస్తున్నా. నాకొక ఆపరేషన్‌లో చిన్నపేగు చివర కోసి పొట్ట మీద సంచీ పెట్టారు. కింద పెద్దపేగు అలాగే ఉంది, కానీ అందులోకి ఏదీ పోదు. ఖాళీ గొట్టం. నాలుగు నెలలకి ఆ ఖాళీ గొట్టం నుంచి జిగురూ రక్తమూ రావడం మొదలైంది. కొత్త జబ్బేదో అంటుకుందని భయపడి చచ్చాను. కెమెరా వేసి చూశాక డాక్టర్ చెప్పింది, "ఏమీ లేదు, దానికి తిండి లేక ఎర్రబడింది. మళ్ళీ కలిపేస్తే తగ్గిపోతుంది." నవ్వులాటకి అంటున్నాడనుకున్నా. కలిపిన రెండు నెలలకి నిజంగానే తగ్గింది. ఒక్క మాత్ర కూడా వేసుకోలేదు.

తెల్లకోటు
అది డైవర్షన్ కొలైటిస్. 1981లో ఆ పేరు పెట్టారు. 1989లో కొందరు రోగులకు ఆ ఖాళీ భాగంలోకి ఈ చిన్న కొవ్వు ఆమ్లాల ద్రావణం ఎనిమాగా ఇస్తే వాపు తగ్గింది. ఆ తర్వాత చేసిన ట్రయల్స్ అన్నీ అంత బాగా రాలేదు. నమ్మకమైన చికిత్స మీకు చేసినదే, పేగును మళ్ళీ దారిలో కలపడం.

మాత్ర గురించి ఒక మాట. మామూలు బ్యూటిరేట్ మింగితే చాలావరకు పైనే, చిన్నపేగులోనే పీల్చుకుపోతుంది. కిందికి చేరేలా పూత వేసినవి ఉన్నాయి. కానీ బ్యాక్టీరియా పనిచేస్తున్నప్పుడు పెద్దపేగులో రోజంతా, ప్రతి జానెడులోనూ తయారయ్యేదానితో పోలిస్తే అవి చారెడు. సగంపేగు గారి పేగు దగ్గరకు వచ్చింది ఒక పదార్థం కాదు, వంటవాళ్ళతో సహా వంటిల్లు.

గాజుగొట్టం
ఇక గాలి. నాకు ఇష్టమైన భాగం.

మా చాంబర్ అంటే పెద్ద ప్లాస్టిక్ గుడారం. లోపల నైట్రోజన్, కొంచెం హైడ్రోజన్, కార్బన్ డై ఆక్సైడ్. గోడకే అతికించిన పొడుగాటి గ్లవ్స్‌లో చేతులు దూర్చి పనిచెయ్యాలి. మేం బ్యాక్టీరియాని పెంచే ద్రావణంలో రెజాజురిన్ అనే రంగు కలుపుతాం. ఆక్సిజన్ లేకపోతే గొట్టం రంగులేకుండా ఉంటుంది. ఎక్కడో సన్నని లీకుంటే చాలు, పైఅంచున గులాబీ గీత పడుతుంది. మెల్లగా కిందికి దిగుతుంది. ఆ గులాబీ రంగు చూస్తే నాకు ఇప్పటికీ కడుపులో దిగులు పుడుతుంది. ఫీకాలిబ్యాక్టీరియం ప్రాస్నిట్జీ అని బ్యూటిరేట్ తయారుచేసే వాటిలో పెద్ద మేస్త్రీ ఉంది. మామూలు గాలిలో పెడితే నిమిషాల్లో చచ్చిపోతుంది.

ఇప్పుడు చెప్పండి, ఇంత సున్నితమైన జీవి మన కడుపులో ఎలా బతుకుతోంది? పేగు గోడ వెనక నిండా రక్తనాళాలు, వాటి నిండా ఆక్సిజన్. మధ్యలో ఉన్నది ఒకే ఒక్క కణం మందం పొర. ఆ ఆక్సిజన్ లోపలికి ఎందుకు రావడం లేదు?

ఎందుకంటే పొయ్యి మండుతోంది. పైవరస కణాలు బ్యూటిరేట్‌ని మైటోకాండ్రియాలో కాలుస్తున్నాయి. దానికి బోలెడు ఆక్సిజన్ కావాలి. రక్తం నుంచి వచ్చింది వచ్చినట్టు ఖర్చయిపోతుంది. ఆ పైవరసలో ఆక్సిజన్ ఒక శాతం కంటే తక్కువ. దాన్ని కంటితో చూడొచ్చు కూడా. ఆక్సిజన్ బాగా తక్కువున్నచోట మాత్రమే అతుక్కునే పిమోనిడజోల్ అనే పదార్థం ఎలుకకి ఇచ్చి, పేగు కోసి రంగేస్తే, లోపలి అంచు పొడవునా గీత గీసినట్టు మెరుస్తుంది.

2017లో బాయ్మ్‌లర్ అనే శాస్త్రవేత్త బృందం 'సైన్స్' పత్రికలో చూపించింది ఇదే. ఎలుకలకు స్ట్రెప్టోమైసిన్ ఇచ్చారు. బ్యూటిరేట్ చేసే క్లాస్ట్రిడియా అనే తరగతి బ్యాక్టీరియా పోయాయి. పేగు కణం కట్టెలు లేక గ్లూకోజు వైపు తిరిగి, దాన్ని ఆక్సిజన్ అక్కర్లేని పద్ధతిలో లాక్టేట్‌గా మార్చడం మొదలుపెట్టింది. ఆక్సిజన్ ఖర్చు తగ్గింది. మెరిసే ఆ గీత మాయమైంది. మిగిలిన ఆక్సిజన్ లోపలికి కారింది. అంతేకాదు, మామూలుగా బ్యూటిరేట్ వల్ల పీపీఏఆర్-గామా అనే స్విచ్ ఆన్‌లో ఉండి, నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైముని నొక్కిపెడుతుంది. ఆ స్విచ్చీ పోయింది. నైట్రిక్ ఆక్సైడ్ నుంచి నైట్రేట్ పుట్టింది.

ఆక్సిజన్, నైట్రేట్ రెండూ ఎవరికి కావాలి? ఈ.కోలై, సాల్మొనెల్లా కుటుంబానికి. ఆరోగ్యంగా ఉన్న పెద్దపేగులో ఆ కుటుంబం వాటా చాలా చిన్నది. అవి గాలి ఉన్నా బతుకుతాయి, లేకున్నా బతుకుతాయి, ఉంటే మాత్రం రెచ్చిపోతాయి. మందు ఆపాక కూడా కోలుకోవడం ఆలస్యం అవడానికి ఇది ఒక కారణం. ఫీకాలిబ్యాక్టీరియం తిరిగొచ్చి ఇల్లు కట్టుకుందామంటే అక్కడ గొట్టం గులాబీ రంగులో ఉంది.

అందుకే మంచి బ్యాక్టీరియా, చెడ్డ బ్యాక్టీరియా అనే కథ నాకు నచ్చదు. అదే ఈ.కోలై నిన్నటిదాకా మూలన పడి ఉంది. తలుపు తీసింది మన కణం.

లెక్కలమనిషి
కథ బాగుంది. కానీ ఎలుకల కథ. జబ్బు మనుషుల్లో బ్యూటిరేట్ చేసేవి తగ్గాయని ఎన్ని పేపర్లు చూపించినా, వాపు వల్ల అవి తగ్గాయా, అవి తగ్గడం వల్ల వాపొచ్చిందా అన్నది తేలదు. చెట్టు ముందా, విత్తు ముందా?

గాజుగొట్టం
ఒప్పుకుంటా. వాపే ముందు రావచ్చు, దానికీ రుజువుంది. సాల్మొనెల్లా కావాలనే వాపు తెప్పిస్తుంది. వాపుకి వచ్చిన తెల్లకణాలు వదిలే ఆక్సిజన్ రాడికల్స్, పేగులో ఉన్న థయోసల్ఫేట్‌ని టెట్రాథయోనేట్‌గా మారుస్తాయి. సాల్మొనెల్లా దాన్ని ఆక్సిజన్ బదులు వాడుకుని శ్వాసిస్తుంది, పక్కనున్న బ్యాక్టీరియాలో చాలావాటికి ఆ విద్య రాదు. 2010లో 'నేచర్'లో వచ్చింది. మనం దాన్ని తరమడానికి పెట్టిన మంట దగ్గరే అది చలికాగుతోంది! ఎటునుంచి మొదలైనా ఇది గుండ్రంగా తిరిగే చక్రం. ఎక్కడ మొదలైందన్నది మనిషిని బట్టి మారుతుందని నా అభిప్రాయం.

పొద్దుతిరుగుడు
నాకు పదకొండేళ్ళుగా అల్సరేటివ్ కొలైటిస్, పెద్దపేగులో వాపూ పుండ్లూ వచ్చే జబ్బు. ఈ దారం చదువుతుంటే ఒళ్ళు మండుతోంది, మీ మీద కాదు. "పీచు తినండి, బ్యూటిరేట్ వస్తుంది, తగ్గిపోతుంది" అని నాకు చెప్పని మనిషి లేడు. జబ్బు రేగినప్పుడు పీచు తింటే నాకు బాత్రూమే ఇల్లవుతుంది. చెప్తే నమ్మరు. సరిగ్గా తినడం లేదంటారు. మీ పొయ్యి కథ నిజమైతే నాకు మేలు జరగాలి కదా, కీడెందుకు?

తెల్లకోటు
మిమ్మల్ని నమ్మనివాళ్ళదే తప్పు. దీనికి రెండు వైపుల నుంచి జవాబుంది.

ఒకటి, పొయ్యే పాడయితే కట్టెలు వేసి లాభం లేదు. 1980లోనే రోడిగర్ అనే సర్జన్ అల్సరేటివ్ కొలైటిస్ రోగుల పేగు కణాలు బ్యూటిరేట్‌ని సరిగ్గా కాల్చలేకపోతున్నాయని గమనించి, ఇది శక్తి చాలని జబ్బేమో అని 'లాన్సెట్'లో ప్రశ్న వేశాడు. చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2019లో, అప్పుడే జబ్బు బయటపడి ఇంకా మందులు మొదలుపెట్టని పిల్లల బయాప్సీల్లో జన్యువుల పనితీరు చూస్తే, మైటోకాండ్రియాకి సంబంధించినవి బాగా అణగి ఉన్నాయి. బ్యూటిరేట్ ఎనిమాలు ఈ జబ్బులో ఒక ట్రయల్‌లో పనిచేసి ఇంకో ట్రయల్‌లో చెయ్యకపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

రెండు, పీచు దానంతటదే బ్యూటిరేట్ కాదు. పులియబెట్టేవాళ్ళుండాలి. 2023లో 'గ్యాస్ట్రోఎంటరాలజీ'లో ఒక పరిశోధన వచ్చింది. కొందరు ఐబీడీ (మీలాంటి పేగు వాపు జబ్బుల) రోగుల పేగు బ్యాక్టీరియా బీటా-ఫ్రక్టాన్ అనే రకం పీచును పులియబెట్టలేకపోతోంది. అలా ముక్కలు కాకుండా మిగిలిన పీచు రోగనిరోధక కణాలకు తగిలి వాపుని రెచ్చగొడుతోంది. అదే పీచు జబ్బు నెమ్మదించినప్పుడు, సరైన బ్యాక్టీరియా ఉన్నవాళ్ళలో మేలే చేయొచ్చు. మీ ఒళ్ళు పదకొండేళ్ళుగా మీకు చెప్తున్నది ఇదే.

పొద్దుతిరుగుడు
ఈ పోస్టు ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటిస్తాను. ఇంటికొచ్చే ప్రతివాళ్ళూ చదవాలి.

ఇంకో ప్రశ్న. నేను వాడే మెసలమైన్ ఈ కథలో ఎక్కడైనా ఉందా?

గాజుగొట్టం
ఉంది, భలే చోట ఉంది. దశాబ్దాలుగా వాడుతున్న మందు. అది పేగు కణంలో పీపీఏఆర్-గామాని పట్టుకుంటుందని 2005లో తెలిసింది. నేను పైన చెప్పిన స్విచ్చే. కొలైటిస్ తెప్పించిన ఎలుకలకి అది ఇస్తే పైవరసలో ఆక్సిజన్ మళ్ళీ తగ్గింది, ఈ.కోలై పొంగూ తగ్గింది. అంటే ఒక్క బ్యాక్టీరియానీ ముట్టకుండా, కణాన్ని సరిచేసి బ్యాక్టీరియాని దారిలో పెట్టొచ్చన్నమాట. మనుషుల్లో అది పనిచేసే దారి ఇదొక్కటే అని మాత్రం అనను.

లెక్కలమనిషి
నాకు వేరే చోట తేడా కనబడుతోంది. బ్యూటిరేట్ పేగు కణాన్ని పోషిస్తుందంటారు. అదే బ్యూటిరేట్ క్యాన్సర్ కణం పెరుగుదలను ఆపుతుందని కూడా ఎక్కడో చదివాను. తిండి పెట్టే చెయ్యే గొంతు పిసుకుతోందా?

గాజుగొట్టం
దాన్ని బ్యూటిరేట్ పారడాక్స్ అనే అంటారు! చిక్కు విడిపోయేది ఎవరు ఏం కాలుస్తున్నారో చూస్తే. ఆరోగ్యంగా ఉన్న కణం బ్యూటిరేట్ రాగానే మైటోకాండ్రియాలో కాల్చేస్తుంది, మిగలనివ్వదు. క్యాన్సర్ కణానికి గ్లూకోజు పిచ్చి, వార్‌బర్గ్ అనే శాస్త్రవేత్త 1920ల్లోనే గమనించాడు. అది బ్యూటిరేట్‌ని కాల్చదు కాబట్టి లోపల పేరుకుపోతుంది. పేరుకున్న బ్యూటిరేట్ కేంద్రకంలోకి వెళ్ళి హిస్టోన్ల (డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే ప్రోటీన్ల) మీద పనిచేసే ఎంజైములను అడ్డుకుంటుంది. ఏ జన్యువు పలకాలో ఏది పలకకూడదో మారిపోయి విభజన ఆగుతుంది. ఒకే పదార్థం, ఒకరి పొయ్యిలో కట్టె, ఇంకొకరి గుమ్మంలో దుంగ.

మూలకణాలకు కూడా ఆ దుంగ పడదు. పేగు లోపలి తలం నున్నగా ఉండదు, నిండా సన్నని గుంటలు, క్రిప్టులంటారు. అడుగున మూలకణాలు దాక్కుని ఉంటాయి. అక్కడ పుట్టిన కణం మెల్లగా పైకి జరుగుతూ, నాలుగైదు రోజుల్లో అంచుకు చేరి రాలిపోతుంది. ఈ దారం మొదలైనప్పుడు పైవరసలో ఉన్నవి ఈ వారాంతానికి ఉండవు. పైవరస కణాలు బ్యూటిరేట్‌ని తినేస్తాయి కాబట్టి అడుగుకి చేరేది చాలా తక్కువ. పైవరస చెదిరి పుండు పడితే బ్యూటిరేట్ నేరుగా మూలకణాలకి తగిలి, పుండు మానడం నెమ్మదిస్తుందని 2016లో ఎలుకల్లో చూపించారు. ఆరోగ్యమస్తు గారూ, మాత్రల గురించి నా సంకోచం ఇందుకు కూడా.

ఆరోగ్యమస్తు
సరే, మాత్ర వదిలేద్దాం. ప్రోబయాటిక్‌లో తప్పేముంది? సహజమే కదా.

తెల్లకోటు
సహజమన్నది నాకెప్పుడూ వాదన అనిపించలేదు, సీ డిఫ్ కూడా సహజమే. 2018లో ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు యాంటీబయాటిక్ ఇచ్చి, తర్వాత కొందరికి ప్రోబయాటిక్ ఇచ్చారు, కొందరిని వాళ్ళ మానాన వదిలేశారు, ఇంకొందరికి ముందే దాచిన వాళ్ళ మలాన్నే తిరిగి ఎక్కించారు. సొంత మలం వాళ్ళు రోజుల్లో మామూలయ్యారు. ప్రోబయాటిక్ వాళ్ళ సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం, ఏమీ ఇవ్వనివాళ్ళకంటే కూడా ఆలస్యమైంది. చిన్న ప్రయోగం, ఒక రకం మిశ్రమం, కాబట్టి అన్నిటికీ వర్తిస్తుందనను. కొన్ని రకాలు యాంటీబయాటిక్‌తో పాటే మొదలుపెడితే విరేచనాలు తగ్గిస్తాయని ట్రయల్స్ ఉన్నాయి. కానీ మూడు వారాల తర్వాత, కారణం తెలియకుండా? పరీక్ష ముందు.

వానచినుకు
రిజల్ట్ వచ్చింది. సీ డిఫ్ టాక్సిన్ పాజిటివ్. పది రోజులు నోటితో వాంకోమైసిన్ రాశారు.

కూర్చుని నవ్వుకున్నాను. యాంటీబయాటిక్ వల్ల వచ్చినదానికి యాంటీబయాటిక్! పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు కాదా ఇది?

తెల్లకోటు
పాజిటివ్ అయినందుకు బాధే అయినా కారణం దొరికింది. మందు పూర్తిగా వాడండి. ముఖ్యమైన మాట: సీ డిఫ్ స్పోర్లు, అంటే అది నిద్రలో ఉండే గట్టి గింజల్లాంటి రూపం, ఆల్కహాల్ శానిటైజర్‌కి చావవు. సబ్బూ నీళ్ళతో రుద్ది కడుక్కోవాలి. వీలైతే మీకు వేరే బాత్రూమ్.

మీ నవ్వులో నిజముంది. వాంకోమైసిన్ సీ డిఫ్‌ని చంపుతుంది, పక్కనున్నవాటినీ కొన్నిటిని చంపుతుంది, స్పోర్లను మాత్రం ఏమీ చెయ్యదు. సుమారు ఐదుగురిలో ఒకరికి మళ్ళీ తిరగబెట్టేది అందుకే. అయినా ఇప్పుడు వెయ్యకపోతే టాక్సిన్ పేగు కణాలను విడదీస్తూనే ఉంటుంది.

గాజుగొట్టం
ఈ స్పోర్లది ఇంకో జీవక్రియ కథ, చిన్నగా చెప్తాను. కాలేయం వదిలే పైత్య ఆమ్లాల్లో కొన్ని స్పోర్లను నిద్ర లేపుతాయి. మామూలుగా క్లాస్ట్రిడియం సిండెన్స్ లాంటివి ఆ ఆమ్లాలను వేరే రూపంలోకి మార్చేస్తాయి, ఆ రూపం సీ డిఫ్ పెరుగుదలకి అడ్డు. యాంటీబయాటిక్‌తో ఆ మార్చేవాళ్ళు పోతే లేపే ఆమ్లం మిగులుతుంది, ఆపే ఆమ్లం ఉండదు. మీ పంటికి వేసిన మందు తెలియకుండా అలారం గడియారం పెట్టింది.

లెక్కలమనిషి
మలమార్పిడి పేరు ఎవరూ ఎత్తలేదేం? దాని లెక్కలు నాకు నచ్చినవి. 2013లో పదే పదే తిరగబెట్టిన సీ డిఫ్ రోగుల మీద ట్రయల్. ఆరోగ్యవంతుల మలాన్ని ద్రావణంగా ముక్కు గొట్టం ద్వారా చిన్నపేగులోకి పంపారు. 16 మందిలో 13 మందికి ఒక్కసారితో నయం. వాంకోమైసిన్ మాత్రమే తీసుకున్న 13 మందిలో నలుగురికి. తేడా అంత కొట్టొచ్చినట్టుండటంతో ట్రయల్ మధ్యలోనే ఆపేశారు.

తెల్లకోటు
అది పదే పదే తిరగబెట్టినవాళ్ళకి. మొదటిసారికి కాదు. దయచేసి ఎవరూ ఇంట్లో ప్రయత్నించకండి. 2019లో అమెరికాలో సరిగ్గా పరీక్షించని దాత మలంతో మందులకు లొంగని ఈ.కోలై వెళ్ళి ఒక రోగి చనిపోయారు. అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. ఆ తర్వాతే 2022 చివర్లో, 2023లో పరీక్షలన్నీ చేసి తయారుచేసిన రెండు ఉత్పత్తులకు అనుమతి వచ్చింది.

సగంపేగు
నేను తినే సమయంలోనే ఈ దారం తెరుస్తానేం?

వానచినుకు
మందు అయిపోయి ఈ రోజుకు తొమ్మిది రోజులు. రోజుకు రెండుసార్లు, నిన్న ఒక్కసారే. మెలిపెట్టే నొప్పి ఆరోరోజుకే పోయింది. పీచు ఒకేసారి కాకుండా రోజుకింత పెంచుతున్నాను. గ్యాస్ బాగా వస్తోంది. గాజుగొట్టం గారి మాటలు గుర్తొచ్చి, లోపల ఎవరో పనిలోకి దిగారనుకుని ఓర్చుకుంటున్నాను.

నిన్న పంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. పక్క పన్ను చిగురు కాస్త వాచింది. చూసి, ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ రాద్దామా అన్నారు. జరిగిందంతా చెప్పాను. పెన్ను కింద పెట్టి, శుభ్రం చేసి ఒక వారం చూద్దాం అన్నారు.